పిండాన్ని ఏ స్ట్రాలో దాచాలి?

పట్టాలు అందుకున్న యువ పశువైద్యులారా, కోరుట్లలో చదువు ముగించుకున్న మీలో కొందరైనా రాయికల్, సిరిసిల్ల వైపు పాడి రైతుల దగ్గరికే వెళ్తారు. ఆ కొట్టాలకు నైట్రోజన్ క్యాన్‌లో వీర్యం స్ట్రాలు వెళ్లడం పాత సంగతి. ఇక పిండాలూ వెళ్లే కాలం వచ్చింది. పిండాన్ని దేనిలో పెట్టి గడ్డకట్టించాలన్నది ప్రయోగశాలవాళ్ల గొడవని మీరు వదిలేయకూడదని నా మనవి. ల్యాబులో ఎన్ని పిండాలు బతికాయన్నది ఒక లెక్క, కొట్టంలో ఎన్ని ఆవులు చూడి కట్టాయన్నది వేరే లెక్క. మనం నమ్మవలసింది రెండోదాన్ని.

గడ్డకట్టించిన పిండం నుంచి తొలి దూడ 1973లో ఇంగ్లండులో పుట్టింది. అప్పటి పద్ధతి నిదానంగా చల్లబరచడం. కణంలోని నీరు మెల్లగా బయటికి పోతుంది, మంచు కణం వెలుపలే కడుతుంది. నేడు దీనికి 0.25 మిల్లీలీటర్ల మూసిన స్ట్రా వాడతారు. కణాన్ని కాపాడే ద్రవంగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ కణంలోంచి త్వరగా బయటికి వచ్చేస్తుంది కనుక, స్ట్రాను గోరువెచ్చని నీటిలో కరిగించి నేరుగా పిండం ఎక్కించే గన్‌లో పెట్టవచ్చు, మైక్రోస్కోపు అక్కర్లేదు. 1985లో రాల్, ఫాహీ అనే శాస్త్రవేత్తలు మరో దారి చూపారు. చిక్కటి ద్రావణంలో మంచు కట్టనివ్వకుండా పిండాన్ని గాజులా గట్టిపరచడం, అంటే విట్రిఫికేషన్. ఆ తర్వాత వచ్చిన క్రయోటాప్‌లో సన్నని రేకు మీద అతి చిన్న బొట్టు నేరుగా ద్రవ నైట్రోజన్‌లో మునుగుతుంది. నిమిషానికి ఇరవై వేల డిగ్రీలకు మించిన వేగంతో చల్లబడుతుంది.

మరి వేగమైనదాన్నే వాడవచ్చు కదా అంటారు. కొవ్వు ఎక్కువుండే గేదె పిండాలకు, ల్యాబులో ఫలదీకరించిన పిండాలకు నిదాన పద్ధతి అంతగా సరిపడదన్న మాటా నిజమే. వాటికి విట్రిఫికేషనే మేలు. అయితే విట్రిఫికేషన్‌కు తెరిచిన రేకే కావాలని లేదు. సెకి, మేజుర్ అనే శాస్త్రవేత్తలు 2009లో ఎలుక అండాలపై చూపినదేమిటంటే, చల్లబరిచే వేగం కన్నా వేడెక్కించే వేగమే ప్రాణం నిలుపుతుంది. కనుక మూసిన స్ట్రా కాస్త నిదానంగా చల్లబడినా, కరిగించేటప్పుడు చురుగ్గా ఉంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. ఇక తెరిచిన పాత్రలో పిండానికి నైట్రోజన్ నేరుగా తగులుతుంది. 2000లో బిలాన్‌స్కీ బృందం వైరస్ కలిపిన నైట్రోజన్‌లో పశు పిండాలను ఉంచి చూస్తే, తెరిచిన పాత్రల్లోని పిండాల గుంపుల్లో ఐదో వంతుకు పైగా వైరస్ అంటింది, మూసినవాటిలో ఒక్కదానికీ అంటలేదు. మనుషుల ఐవీఎఫ్‌లో ఇలా జబ్బు సోకిన దాఖలా లేదు కదా అనేవారున్నారు. అది నిజమే కానీ, ఒకే క్యాన్ ఎన్నో ఊళ్ల మందలకు తిరిగేచోట ఆ భరోసా నాకు చాలదు. పైగా రేకు మీది బొట్టు క్యాన్‌లోంచి పైకెత్తిన క్షణాల్లోనే వేడెక్కుతుంది. దాన్ని కరిగించడానికి మైక్రోస్కోపు, వరస ద్రావణాలు, ఆరితేరిన చెయ్యి కావాలి. కొట్టంలో అవి ఎక్కడివి?

అందుకే పొలిమేర దాటి వెళ్లే పిండానికి మూసిన స్ట్రానే నా ఓటు. తెరిచిన రేకును మైక్రోస్కోపున్న ల్యాబుకే ఉంచుదాం. మీరు పిండం ఎక్కించిన ప్రతిసారీ ఏ స్ట్రా, ఎన్ని సెకన్లు కరిగించారు, ఆవు చూడి నిలిచిందా లేదా అన్నది రిజిస్టరులో రాయండి. నిలవనివి కూడా దాచకుండా రాయండి.