ఎండవేళ జీవకణము

రోహిణి కార్తెలో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల గొర్రెల కాపరులు ప్రొద్దుననే మందను తోలుకొనిపోయి, ఎండ ముదురగానే చెట్టు నీడకు చేర్తురు. చల్లబడిన తరువాతనే మరల మేత. ఆ నడిమి వేళలో జీవాల దేహకణములలో ఏమి జరుగునో నేడు మనవి చేసెదను.

గొర్రె దేహపు సహజోష్ణము సుమారు 39 డిగ్రీల సెంటిగ్రేడు. అది మరి మూడు నాలుగు డిగ్రీలు పెరిగినచో కణములోని ప్రోటీనులు మడతలు విడి, ఒకదానికొకటి అంటుకొని చెడిపోసాగును. కోడిగ్రుడ్డు ఉడికినప్పుడు తెల్లసొన గట్టిపడుటయు ఇట్టిదే. ఈ ఆపదనుండి కాపాడు జన్యువులు ప్రతి కణములోను ఉన్నవి. అయితే వాని సందేశమునకు నకలు తీయింపుమని ఆజ్ఞ రావలెను. ఆ ఆజ్ఞ నిచ్చు ప్రోటీనును అనులేఖన కారకమందురు. వేడి విషయమున ఆ ఉద్యోగము హెచ్.ఎస్.ఎఫ్. 1 అనుదానిది.

మామూలు వేళ దానిని కొన్ని సంరక్షక ప్రోటీనులు పట్టి యుంచును. వేడికి చెడిన ప్రోటీనులు ఎక్కువ కాగా, సంరక్షకములు వానిని సవరించుటకు పోవును. కట్టు వీడిన హెచ్.ఎస్.ఎఫ్. 1 మూడేసిగా జతగూడి, డి.ఎన్.ఏ.పై తనకు గుర్తున్న చోట్ల కూర్చుండును. అంతట క్రొత్త సంరక్షకములు విరివిగా తయారగును. పని తీరి మిగిలినవి మరల దానిని పట్టుకొనును, ఆజ్ఞ ఆగిపోవును. అధికారమునకు ఇంత చక్కని కట్టడి మన కచేరీలలో నేను చూచి యెరుగను!

దీని జాడ మొదట ఈగలలో దొరకినది. వేడి తగిలిన పండ్ల యీగల లాలాజల గ్రంథులలోని క్రోమోసోములపై క్రొత్త ఉబ్బులు లేచుటను ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫెరుచియో రిటోస్సా 1962లో ప్రకటించెను. ఆ ఉబ్బులు మేల్కొన్న జన్యువులే.

మరియొక విశేషము. ముందుగా తేలికపాటి వేడి సోకిన కణము తరువాతి తీవ్రమైన వేడికి మెరుగుగా తట్టుకొనును. మొదట తయారైన సంరక్షకములు కొంతకాలము నిలువ యుండును గదా. అయినను దీనికొక హద్దున్నది. వేడి విడువక సాగి నష్టము మితిమీరెనా, కణము తన చావునకు తానే ఏర్పాట్లు చేసికొనును.

నెల్లూరు గొర్రె, పల్ల గానిండు, జోడిపి గానిండు, దొర గానిండు, ఉన్ని బరువు లేని పొడుగుకాళ్ల జీవము. మెట్టసీమ ఎండకు తగినదే. కాని ఒగర్పులో పోయిన నీటిని ఏ జన్యువును తిరిగి తేజాలదు. మీ మందలో ఒక జీవము నోరు తెరచి ఒగర్చుచున్నచో, దాని కణములలో ఆ ఆజ్ఞ అప్పటికే వెలువడి యుండవచ్చును. దానిని ఇంక నడిపింపక నీడను నిలిపి, నీళ్లు పెట్టుడు.