ఎనిమిది చేతుల తల్లి



కార్తీక పౌర్ణమికి తెనాలి నుంచి, బాపట్ల నుంచి, రేపల్లె నుంచి ఎంతోమంది సూర్యలంక పోతారు. సముద్ర స్నానం చేస్తారు. పిల్లలు ఇసుకలో గవ్వలు ఏరుతారు. గవ్వలతో పాటు ఒక్కోసారి తెల్లటి బిళ్ల దొరుకుతుంది. అరచేయంత ఉంటుంది. గోరుతో గీస్తే పొడి రాలుతుంది. నీళ్లలో వేస్తే తేలుతుంది. దాన్ని సముద్రపు నురుగు అంటారు. మూలికల కొట్లో అమ్ముతారు కూడా.

మరి నురుగే గట్టిపడి బిళ్ల అయిందా? కాదు. అది ఒక ప్రాణి ఒంట్లో ఉండే పెంకు. ఆ ప్రాణి పేరు కటిల్ ఫిష్. పేరుకే చేప. నిజానికి అది నత్తలకు, ఆలుచిప్పలకు చుట్టం. దానికి ఇంకా దగ్గర చుట్టం ఇంకొకటుంది. దాని పేరు ఆక్టోపస్. ఆ - క్టో - పస్. నోరు తిరగటానికి కాస్త కష్టమే!

ఆక్టోపస్ ఒంట్లో ఎముక ఒక్కటీ లేదు. చిలక ముక్కులాంటి నోరు మాత్రం గట్టిగా ఉంటుంది. ఆ ముక్కు పట్టే సందు దొరికితే చాలు, ఒళ్లంతా దూరిపోతుంది. చేతులు ఎనిమిది. గుండెలు మూడు. రక్తం నీలం.

నీలం ఎందుకు? మన రక్తంలో ఇనుము ఉంటుంది. అది తగ్గితే నీరసం వస్తుంది. అందుకే కడుపుతో ఉన్నవాళ్లకు ఐరన్ బిళ్లలు ఇస్తారు. ఆక్టోపస్ రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది. మన చెంబుల్లో ఉండే రాగే!

కూర రుచి మనం నాలుకతో చూస్తాం. అది చేతులతో చూస్తుంది. భయమేస్తే రంగు మార్చి రాయిలా కనపడుతుంది. అదీ కుదరకపోతే నల్లటి సిరా చిమ్మి పారిపోతుంది.

రేపల్లె దాటి పోతే నిజాంపట్నం రేవు. మరపడవల వాళ్లు రొయ్యల కోసం సముద్రం అడుగున వల లాగుతారు. వల రొయ్యల్నే ఏరుకుని పట్టదు కదా! అడుగున ఉన్నదంతా ఊడ్చుకొస్తుంది. అట్లా అప్పుడప్పుడు ఆక్టోపస్ కూడా పైకొస్తుంది. బతికున్న దాన్ని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు. కరుస్తుంది.

2015 నుంచి ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా, 61 రోజులు, ఈ పడవలకు వేట నిషేధం. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి పెరగాలని. ఆ రెండు నెలలు రేవులో చేపలు ఏరే ఆడవాళ్లకు పని ఉండదు. అది చిన్న కష్టం కాదు. అయితే సముద్రం అడుగున తల్లులు పడే కష్టం కూడా వినండి.

ఆడ ఆక్టోపస్ బతుకులో ఒక్క విడతే గుడ్లు పెడుతుంది. రాతి సందులోనో, పెద్ద గుల్లలోనో పెడుతుంది. కొన్ని జాతులు లక్షకు పైగా పెడతాయి. దండలు గుచ్చినట్టు వేలాడదీస్తాయి. ఇక తల్లి అక్కణ్ణుంచి కదలదు. గుడ్లను చేతులతో తుడుస్తుంది. వాటి మీదికి మంచినీరు కాదు గానీ, తాజా సముద్రపు నీరు ఊదుతూ ఉంటుంది. తిండి మానేస్తుంది. పిల్లలు బయటికొచ్చేసరికి తల్లి ప్రాణం పోతుంది. తండ్రి జాడ ఎక్కడా ఉండదు.

వెచ్చటి నీళ్లలో ఈ కాపలా నెలో, రెండు నెలలో. చల్లటి లోతుల్లో మాత్రం చాలా కాలం పడుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా అనే రాష్ట్రం ఉంది. అక్కడి సముద్రంలో 2007లో శాస్త్రజ్ఞులు ఒక తల్లిని చూశారు. సుమారు 1,400 మీటర్ల లోతు. మనిషి ఈదుకుంటూ పోలేని చోటు. కెమెరా ఉన్న యంత్రాన్ని దింపారు. ఒంటి మీది మచ్చలను బట్టి ఆ తల్లిని గుర్తుపెట్టుకున్నారు. మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. ఎప్పుడు చూసినా అదే రాయి, అదే తల్లి. యంత్రంతో పీత ముక్కలు అందించారు. ముట్టలేదు. గుడ్లు పెరుగుతున్నాయి. తల్లి ఒళ్లు పాలిపోతోంది, చర్మం వేలాడుతోంది.

ఇట్లా 53 నెలలు. అంటే నాలుగేళ్ల ఐదు నెలలు!

2011 అక్టోబరులో వెళ్లేసరికి తల్లి లేదు. రాతికి గుడ్ల తిత్తులు మాత్రం అంటుకుని ఉన్నాయి. అన్నీ చిరిగి ఖాళీగా ఉన్నాయి. పిల్లలు వెళ్లిపోయాయి. తిత్తులు లెక్కపెడితే 160 దాకా తేలాయి.