కంకర క్వారీ, పల్లె రహదారి

పల్లె మీదుగా పోయే రహదారి పక్కన కంకర క్వారీకి అనుమతి కోరినప్పుడు చర్చ ఎక్కువగా దుమ్ము, పేలుళ్ల చుట్టూ తిరుగుతుంది గానీ, అక్కడి నుంచి రోడ్డెక్కే టిప్పర్ల ప్రమాదం వెనకబడిపోతుంది. నిండు లోడు టిప్పర్ రోడ్డు దాటడానికి పది సెకన్లు పట్టిందనుకుంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు ఆలోగా సుమారు 220 మీటర్లు వచ్చేస్తుంది కనుక, అంత మేర రోడ్డు డ్రైవర్లకు అడ్డు లేకుండా కనబడాలి. ఇంజనీర్లు దృష్టి దూరం అనేది దీన్నే. క్వారీ దారి మలుపు దగ్గర కలిస్తే ఆ దూరం దొరకదు. టైర్లకు అంటి వచ్చిన బురద, రాలిన కంకర ద్విచక్ర వాహనాలను పడగొడతాయి.

2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని, ఆ కంకర ప్రయాణికుల మీద పడి, కనీసం 19 మంది మరణించడం ఎంతో బాధాకరం. అధిక లోడుకు మోటారు వాహనాల చట్టం 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో 2,000 చొప్పున విధిస్తున్నా, క్వారీ గేటు దగ్గరే తూకం వేయకపోతే ఆ నిబంధన కాగితానికే పరిమితం. ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లే గ్రామస్థులు రోజుకు ఎన్ని టిప్పర్లు, ఏ వేళల్లో, ఏ దారిన తిరుగుతాయో రాతపూర్వకంగా అడగాలి.