వైకల్య నిర్ణయంలో ఉపాధ్యాయుల సమాచారం



ఒక పిల్లవాడికి వైకల్యం ఉందా, ఉంటే ఎంత ఉంది అని ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్న అడిగితే మీలో చాలామంది వెంటనే డాక్టరు అంటారు. పోలియో సోకిన కాలు విషయంలో, కంటిచూపు విషయంలో ఆ జవాబు చాలావరకు సరిపోతుంది. కానీ అక్షరాలు ఎంతకీ పట్టుబడని పిల్లవాడు, పది నిమిషాలు ఒకచోట కూర్చోలేని పిల్ల, తోటివాళ్లతో మాట కలపలేని పిల్లవాడు ఉన్నారనుకోండి. వీళ్ల ఇబ్బంది ఆసుపత్రి గదిలో కనిపించకపోవచ్చు. తరగతి గదిలో మాత్రం రోజూ కనిపిస్తుంది.

పిల్లలకు వైకల్య భృతి ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు ఉపాధ్యాయుల నుంచి సమాచారం ఎలా తీసుకుంటారో, అది ఎలా ఉంటే పనికొస్తుందో ఈ పాఠంలో చూద్దాం. ముందుగా అమెరికా పద్ధతి చెబుతాను. అక్కడ ఈ పనికి ప్రత్యేకంగా ఒక ఫారం ఉంది కాబట్టి విషయాన్ని విడమరిచి చూడటం తేలిక. తరువాత మన దేశానికి వద్దాం.

అమెరికాలో ఎస్.ఎస్.ఐ. అనే పథకం 1974 జనవరిలో మొదలైంది. తక్కువ ఆదాయం గల వృద్ధులకు, అంధులకు, వైకల్యం ఉన్నవారికి నెలనెలా డబ్బు ఇస్తారు. 18 ఏళ్లలోపు పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. 2025లో సమాఖ్య ప్రభుత్వం ఒక్కరికి ఇచ్చే గరిష్ఠ మొత్తం నెలకు 967 డాలర్లు. పేద కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. ఆ పిల్లవాడి కోసం ఉద్యోగం మానుకున్న తల్లికి ఇంటి అద్దె దీనితోనే గడవవచ్చు.

మొదట్లో పిల్లల విషయంలో ఒక చిక్కు ఉండేది. జబ్బుల జాబితా ఒకటి ఉండేది. పెద్దవాళ్లు ఆ జాబితాకు సరిపోకపోయినా, తాము పని చేయలేమని వేరే విధంగా నిరూపించుకోవచ్చు. పిల్లలకు ఆ రెండో అవకాశం లేదు. 1990లో సలివన్ వర్సెస్ జెబ్లీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇది చట్టానికి విరుద్ధమని తీర్పు ఇచ్చింది. పిల్లవాడు రోజువారీ జీవితంలో ఏం చేయగలుగుతున్నాడో ఒక్కొక్కరినీ విడిగా చూడాలని చెప్పింది. 1996లో కాంగ్రెస్ నిబంధనలను మళ్లీ బిగించింది. కనీసం 12 నెలలు ఉండే, లేదా ప్రాణాంతకమైన స్థితి వల్ల పిల్లవాడి పనితీరులో తీవ్రమైన పరిమితులు ఏర్పడాలన్నది అప్పటి నుంచి షరతు. నిబంధన సడలినా బిగిసినా ఒక్క మాట మాత్రం నిలిచిపోయింది. చూడవలసింది జబ్బు పేరు ఒక్కటే కాదు, పనితీరు కూడా.

పనితీరును ఎవరు చూస్తారు? అక్కడ బడి ఏడాదికి సుమారు 180 రోజులు, రోజుకు ఆరు గంటలనుకుంటే వెయ్యి గంటలు దాటుతుంది. డాక్టరు చూసేది అరగంటో గంటో. శాస్త్రం చదువుకునే మీకు వేరే చెప్పనక్కరలేదు. ఒక్క కొలతకూ, వెయ్యి గంటల పరిశీలనకూ తేడా మీకు తెలుసు.

దరఖాస్తు వచ్చాక తల్లిదండ్రుల సమ్మతి తీసుకుని, రాష్ట్ర స్థాయిలోని వైకల్య నిర్ణయ కార్యాలయం బడికి ఒక ప్రశ్నావళి పంపుతుంది. అందులో ఆరు రంగాలు ఉంటాయి: సమాచారాన్ని గ్రహించి ఉపయోగించడం, శ్రద్ధ నిలిపి పని పూర్తి చేయడం, ఇతరులతో మెలగడం, కదలడంతో పాటు వస్తువులను పట్టుకుని వాడటం, తన పనులు తాను చూసుకోవడం, ఆరోగ్యం. మొదటి అయిదింటిలో ఒక్కొక్క పనికి 1 నుంచి 5 వరకు అంకె వేయాలి. 1 అంటే ఇబ్బంది లేదు, 3 అంటే ఇబ్బంది స్పష్టంగా ఉంది, 5 అంటే చాలా తీవ్రం. అంకె పక్కనే వివరంగా రాయడానికి చోటు ఉంటుంది. నా దృష్టిలో ఫారం మొత్తంలో విలువైనది ఆ ఖాళీ చోటే.

ఎందుకంటారా? ఇంటర్‌లో లవణ విశ్లేషణ చేసేటప్పుడు రికార్డులో పరిశీలన ఒక గడిలో, దాని నుంచి మనం తేల్చేది వేరొక గడిలో రాస్తాం. 'లవణం నీలంగా ఉంది' అన్నది పరిశీలన. 'రాగి లవణం కావచ్చు' అన్నది మనం ఊహించేది. రెండూ కలిపేస్తే అధ్యాపకుడు ఎర్ర సిరాతో కొట్టేస్తాడు. ప్రశ్నావళి కూడా అంతే. 'వీడు సోమరి, ఏకాగ్రత లేదు' అని రాస్తే నిర్ణయించే అధికారికి ఏమీ తెలియదు. 'నాలుగు మెట్లున్న లెక్క ఇస్తే మొదటి మెట్టు చేసి ఆగిపోతాడు. ఇరవై నిమిషాల పనిలో ఆరేడుసార్లు గుర్తుచేయాలి, తోటివారికి ఒకసారి చెబితే చాలు' అని రాస్తే పిల్లవాడు కళ్లముందు కనిపిస్తాడు. జబ్బు పేరు చెప్పమని ఉపాధ్యాయుణ్ణి ఎవరూ అడగలేదు. భృతి ఇవ్వవచ్చా అని కూడా అడగలేదు. ఆ నిర్ణయం ఒక అధికారి, ఒక వైద్యుడు లేదా మనస్తత్వ నిపుణుడు కలిసి, మిగతా సాక్ష్యాలన్నీ చూసి చేస్తారు. ఆరు రంగాల్లో రెండింటిలో గట్టి పరిమితి ఉన్నా, ఒకదానిలో అతి తీవ్రమైన పరిమితి ఉన్నా అర్హత వైపు మొగ్గుతుంది.

ఇక్కడ మంచి ఉపాధ్యాయులు కూడా తడబడే చోటు ఒకటుంది. ఎనిమిది మంది పిల్లలున్న ప్రత్యేక తరగతి, పక్కనే ఒక సహాయకురాలు. ఆ ఏర్పాటులో పిల్లవాడు చక్కగా చదువుతున్నాడు. టీచరు సంతోషంగా 1 వేసేస్తుంది. స్ప్రింగ్ త్రాసుకు వేలాడుతున్న రాయిని కింద నుంచి అరచేత్తో పట్టుకుని చూడండి, ముల్లు తక్కువ బరువు చూపిస్తుంది. రాయి బరువు తగ్గిందా? చెయ్యి మోస్తోంది, అంతే. కాబట్టి ఎంత సహాయం అందుతోందో, అది తీసేస్తే ఏమవుతుందో రాయాలి. పోలిక కూడా ఆ ప్రత్యేక తరగతిలోని మిగతా ఏడుగురితో కాదు, వైకల్యం లేని అదే వయసు పిల్లలతో.

దీనికి ఎదురు తప్పూ ఉంది. పాపం పేదవాళ్లు అని జాలిపడి అన్నిటికీ 5 వేయడం. మార్కుల జాబితా, హాజరు పట్టిక, వైద్య నివేదిక అన్నీ అదే ఫైలులో ఉంటాయి. అవి ఒకటి చెబితే టీచరు కాగితం మరొకటి చెబితే, ఆ కాగితానికి విలువ తగ్గుతుంది. నష్టపోయేది పిల్లవాడే. చూడని విషయానికి 'నేను గమనించలేదు' అని రాయడంలో తప్పేమీ లేదు. పిల్లవాణ్ణి ఎన్ని నెలలుగా ఎరుగుదురో కూడా ఫారం అడుగుతుంది. రెండు వారాల పరిచయానికీ రెండేళ్ల పరిచయానికీ తేడా ఉండాలి కదా.

ఇక మన దేశం సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యం వాటిలో ఒకటి. ధ్రువపత్రం ఇచ్చేది వైద్య అధికారులే. కానీ 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు అభ్యసన వైకల్యం విషయంలో మొదటి అడుగును బడికే అప్పగించాయి. మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్లకు గానీ, ఏది ముందైతే అప్పుడు, ఉపాధ్యాయులే పిల్లలను ప్రాథమికంగా పరిశీలించాలన్నాయి. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. 'ప్రశస్త్' అనే పరిశీలన పట్టికను తెచ్చింది. దాని మొదటి భాగం నింపేది మామూలు తరగతి ఉపాధ్యాయులే. అది ధ్రువపత్రం కాదు, ఎవరిని నిపుణుల దగ్గరకు పంపాలో తెలుసుకునే సాధనం.

మన దగ్గర ప్రయోజనం డబ్బు రూపంలోనే ఉండనక్కరలేదు. అర్హత గల విద్యార్థికి పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లోనే వచ్చిన వేరే మార్గదర్శకాలు చెప్పాయి. మూడు గంటల పరీక్ష అతనికి నాలుగు గంటలవుతుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే పిల్లవాడికి ఆ గంట అంటే పాసా, ఫెయిలా అన్నది.

మీలో కొందరు రేపు బి.ఎడ్. చేసి తరగతి గదిలో నిలబడతారు. అరవై మంది పిల్లల మధ్య ఇంత రాసే తీరిక ఎక్కడిదని అప్పుడు మీకు అనిపిస్తుంది, అది న్యాయమైన బాధే. అయినా ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఇచ్చిన పని, పిల్లవాడు చేసింది, మీరు అందించిన సహాయం, ఈ నాలుగూ రెండు వాక్యాల్లో రాయండి. దిద్దిన రాత పుస్తకంలోంచి ఒకటి రెండు పేజీల నకళ్లు జతచేయండి. ఆరు నెలల తరువాత ఎవరైనా ఫారం పంపితే, జ్ఞాపకం మీద ఆధారపడకుండా ఆ పుస్తకం చూసి నింపవచ్చు.