చెరువు ఒడ్డున ప్రజల పని

కరీంనగరము పొలిమేరలో మానేరు నదిపై దిగువ మానేరు జలాశయము కలదు. 1974లో పనులు మొదలై 1985లో ముగిసిన ఈ జలాశయములో సుమారు 24 టి.ఎం.సి.ల నీరు నిలువగలదు. పోచంపాడు నుండి వచ్చు కాకతీయ కాలువ ఇందులో కలిసి మరల ముందునకు సాగును. పట్టణ ప్రజల దాహము తీర్చునది కూడ ఈ నీరే.

ఇట్టి పట్టణము పెరిగిన కొలది నీటిని శుద్ధిచేయు కేంద్రమును విస్తరింపవలసి వచ్చును. దూరమునకు పోయినచో గొట్టములు, పంపులు, విద్యుత్తు అన్నియు అదనపు వ్యయమే. కనుక ఇంజనీరు చూపు సహజముగా ఒడ్డు వైపునకే మరలును. "ఇది ప్రజల పనియే గదా, దీనికి గూడ అనుమతు లేల?" అని శ్రోతలకు తోచవచ్చును.

శిఖము అను మాట మన పల్లెలలో ఎరుగనివారు లేరు. చెరువు నిండినపుడు నీరు ప్రాకు భూమియే శిఖము. వేసవిలో అది బీడువలె కనబడును. దానిని ఖాళీ స్థలమనుకొనుటతోనే పొరపాటు మొదలగును. మత్తడి దూకు నాడు ఆ భూమి నీటిదే. అందుచేతనే 2012 నాటి భవన నిర్మాణ నియమములు, పది హెక్టారులును అంతకు మించినవియునైన చెరువులకు పూర్తి నీటిమట్టపు హద్దు నుండి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు వదలవలెనని విధించినవి. పట్టణ ప్రణాళికలో ఆ స్థలము వేరొక వినియోగమునకు గుర్తింపబడియున్నచో, మార్పును కోరి, ప్రకటన వెలువరించి, ప్రజల అభ్యంతరములను వినవలెను.

ఇది కాగితముల తంతు కాదు. పటిక వేసి నీటిని తేర్చగా అడుగున మడ్డి మిగులును. ఇసుక పడకలను కడిగిన నీరు వెలువడును. క్లోరిను నిలువ చేయవలసియుండును. ఈ మడ్డి ఎచ్చటికి పోవును? వరద వచ్చిన నాడు ఆ నిలువల గతి యేమి? త్రాగు నీటిని శుద్ధిచేయు కేంద్రమే త్రాగు నీటికి ముప్పు కారాదు గదా!

హైదరాబాదు చెంత ఇట్టి వివాదమే సుప్రీంకోర్టు వరకు పోయినది. 1908 మూసీ వరదల పిమ్మట నిర్మించిన ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరులకు 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో కాలుష్యకరములైన పరిశ్రమలను 1996లో ప్రభుత్వము నిషేధించినది. ఒక నూనెల కర్మాగారమునకు మాత్రము తానే మినహాయింపు నిచ్చినది. హాని లేదని నిరూపించు భారము నిర్మింపగోరువారిదే యని న్యాయస్థానము 1999లో చెప్పి, 2000 డిసెంబరులో ఆ మినహాయింపును త్రోసిపుచ్చినది. ఆ గ్రామములపై ఆంక్షలను సడలించుచు 2022లో ప్రభుత్వము ఉత్తర్వు నిచ్చినది. అయినను నిరూపణ భారమును గూర్చిన ఆ మాట విలువ తగ్గలేదు.

అది ప్రయివేటు కర్మాగారము, మనది ప్రజల పని యని అనవచ్చును. కాని నీటికి ఆ భేదము తెలియదు. పైగా ప్రభుత్వ కట్టడమే హద్దు దాటినచో, ప్రక్కనే గోడ లేపిన గృహస్థును ఏ ముఖముతో ఆపగలము?

కనుక పత్రికలో ఇట్టి ప్రకటన కనబడినపుడు దానిని దాటవేయక చదువుడు. హద్దు ఎవరు కొలిచిరి, మడ్డి ఎచ్చట వేయుదురు, వేరు స్థలము చూచిరా యని వ్రాతమూలకముగా అడుగుడు. సంతృప్తికరమైన సమాధానము లభించినచో ఆ పనికి మనస్ఫూర్తిగా తోడ్పడుడు. పట్టణమునకు నీరును కావలెను, ఆ నీటికి చెరువును కావలెను.