పరిశోధన ఎవరి కోసమో ముందే తేల్చుకుందాం

(కార్వేటినగరం రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మామిడి, చెరకు పండించే మన వైపు రొయ్యల మాట ఎందుకని కొందరు అడిగారు. మన కృష్ణాపురం జలాశయం గేట్లెత్తితే కుశస్థలిలో పడిన నీళ్ళు నగరి దాటి, పూండి చేరి, చివరకు ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తాయి. దానికి ఉత్తరానే పులికాట్ సరస్సు. కాబట్టి సముద్రం మనకు పరాయిది కాదు. అదీగాక, విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశోధన ఒప్పందమంటూ ఏ ఊరికి వచ్చినా రైతు అడగాల్సిన ప్రశ్నలు ఒకటే. కోస్తా రైతులు వాటిని నష్టపోయి నేర్చుకున్నారు. మనం విని నేర్చుకోవచ్చు.

1990 దాటాక నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యల సాగు ఊపందుకుంది. వరి మళ్ళు తవ్వి గుంటలు చేశారు. నీళ్ళు తోడేదీ ఒకే కాలువ, మురికి వదిలేదీ అదే కాలువ. 1994లో తెల్లమచ్చ జబ్బు వచ్చింది. ఒకరు జబ్బు నీళ్ళు వదిలితే పక్కాయన మోటారు అవే నీళ్ళు తోడింది. గట్లు జబ్బును ఆపుతాయా? గుంటలు లేనివాళ్ళకూ నష్టం తప్పలేదు. పక్క మడికి ఉప్పు ఊట దిగింది, తాగునీటి బావులు ఉప్పెక్కాయి, మత్స్యకారులకు సముద్రానికి పోయే దారులు మూసుకుపోయాయి.

తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కోర్టు చెప్పిన మీదట నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తీరం తిరిగి చూసి లెక్క కట్టారు. రొయ్యలమ్మితే వచ్చిన రాబడి కంటే జరిగిన నష్టమే ఎక్కువని తేలింది. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. సాగు భూములు, ఉప్పు మళ్ళు, మడ అడవులు, ఊరి ఉమ్మడి భూములు రొయ్యల గుంటలుగా మార్చకూడదన్నారు. పులికాట్‌కు 1000 మీటర్ల లోపలున్న గుంటలు తీసేయమన్నారు. తర్వాత 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రిజిస్ట్రేషన్ పద్ధతి మీద సాగుకు దారి చూపింది. నీరి వాళ్ళ లెక్క మంచిదే. కానీ అది భూములు ఉప్పెక్కిన తర్వాత వేసిన లెక్క.

ఇంకో పద్ధతి పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో నడిచింది. ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా, బ్యాంకాక్ కేంద్రంగా ఉన్న నాకా సంస్థ శాస్త్రవేత్తలు 2002లో గుప్పెడు మంది రైతులతో మొదలుపెట్టారు. ఒకే కాలువ కింది రైతులంతా ఒక క్లబ్బు కట్టారు. సీడును పరీక్ష చేయించి కలిసి తెచ్చుకున్నారు. ఒకే సమయంలో పిల్లలు వదిలారు. తక్కువ పిల్లలు వేశారు. గుంట అడుగున నల్లమట్టి తీసేశారు. జబ్బు వస్తే దాచకుండా పక్కవాళ్ళకు చెప్పుకున్నారు, ఆ నీళ్ళు కాలువలోకి వదల్లేదు. నాలుగైదేళ్ళలో ఇది వందల మందికి పాకింది. 2007లో ఈ పని కోసమే ఎంపెడా కింద నాక్సా సంస్థ పెట్టారు. చిన్న రైతులు కలిస్తే సైన్సు పని చేస్తుందని ఇది చూపింది.

అయితే క్లబ్బు గుంటలున్నవాళ్ళది. వల వేసే కుటుంబం, ఉప్పు నీళ్ళు తాగే కూలి ఇల్లు అందులో ఎక్కడ? నీరి లెక్కలో వాళ్ళున్నారు, అది ఆలస్యంగా వచ్చింది. మొగల్తూరు పని సకాలంలో జరిగింది, అందులో వాళ్ళు లేరు. ఈ రెండూ ఒకే ఒప్పందంలో ఉండాలన్నదే నా మాట.

మన చెరువుల సంగతే చూడండి. చేపల మీద పరిశోధన వస్తే నీళ్ళు నిలపమంటారు. ఆయకట్టు రైతు తూము తెరవమంటాడు. ఇద్దరినీ ముందే కూర్చోబెట్టకపోతే కొట్లాట మనకూ మత్స్యకారులకూ మధ్య, రిపోర్టు మాత్రం వాళ్ళకు.

తిరుపతిలో వెటర్నరీ విశ్వవిద్యాలయం ఉంది. ముత్తుకూరులో మత్స్య కళాశాల 1991 నుంచి ఉంది. చెన్నైలో ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ సీబా ఉంది. అందరూ మనకు దగ్గరివాళ్ళే. వద్దనకుండా పిలుద్దాం. సంతకానికి ముందు అయిదు మాటలు రాయించుకుందాం.

ఒకటి, ఏం పరిశోధించాలో తేల్చేటప్పుడే రైతు, మత్స్యకారుడు, కూలీ, నీళ్ళు మోసే ఆడవాళ్ళు కూర్చోవాలి. రెండు, పని మొదలుకాకముందే బావుల్లో, బోర్లలో ఉప్పు ఎంతుందో కొలిచి రాయాలి. లేకపోతే రేపు నష్టం రుజువు చేయలేం. మూడు, డబ్బు ప్రభుత్వానిదా, మేత కంపెనీదా, మందుల కంపెనీదా చెప్పాలి. నాలుగు, ప్రయోగం దెబ్బతింటే నష్టం ఎవరు భరిస్తారో రాయాలి. అయిదు, ఫలితం మంచిదైనా చెడ్డదైనా తెలుగులో గ్రామసభ ముందు చదవాలి.

ఈ అయిదింటినీ ప్రతి ఊరి కమిటీలో చర్చించి తీర్మానం చేయండి. శాస్త్రవేత్త మనకు శత్రువు కాడు. ఆయన దగ్గర కొలిచే పరికరం ఉంది. ఏం కొలవాలో చెప్పాల్సింది మనం.

జై కిసాన్.