చదువు ముగించు వరకు తోడు
(పత్తికొండ యౌవనస్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ సందర్భమున మన పెద్దలు కట్టిన ఆలయములను, బడులను తలచుకొని దేవుని స్తుతించుచున్నాము. అది తగినదే. అయితే ఈ సాయంకాలము కట్టిన వాటిని గూర్చి గాక, మొదలుపెట్టి మధ్యలో విడిచిన వాటిని గూర్చి మాట్లాడదలచాము. అవి మన పిల్లల చదువులు.

ప్రతి సంవత్సరము కాలేజీలు తెరిచే దినములలో, ఇంటర్మీడియెట్‌కో డిగ్రీకో చేరిన పిల్లలను ఆలయములో ముందుకు పిలిచి ప్రార్థించుచున్నాము. తల్లిదండ్రులు కృతజ్ఞతార్పణలు తెచ్చుచున్నారు. ఫలితములు వచ్చినప్పుడు ఉత్తీర్ణులైనవారు మిఠాయి పంచుచున్నారు. మరి ముందుకు వచ్చి నిలిచినవారిలో ఈ మిఠాయి పంచనివారేమైనారు? మా యొద్ద బాప్తిస్మపు రిజిస్టరు ఉన్నది, వివాహముల రిజిస్టరు ఉన్నది, సమాధుల రిజిస్టరు ఉన్నది. చదువు మానిన పిల్లల పేర్లు ఏ పుస్తకములోను లేవు. ఈ తప్పు మొదట రిజిస్టర్లు ఉంచే మాదే.

ఒకసారి గృహదర్శనమునకు వెళ్ళి ఒక యువకుని బైబిలు తెరిచినప్పుడు, పుటల మధ్య ఒక పాత హాల్ టికెట్టు కనబడినది. ఇంటర్ రెండవ సంవత్సరపు పరీక్షలు వ్రాసి, అతడు సుగ్గికి పోయిన తల్లిదండ్రుల వెంట గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళాడు. ఫలితములు వచ్చే నాటికి అక్కడనే ఉన్నాడు. ఒక్క పేపరు పోయినది. సప్లిమెంటరీకి ఫీజు కట్టవలసిన తేదీ వచ్చినది, వెళ్ళినది. "ఒక్క సబ్జెక్టే అయ్యగారూ. ఎవురన్నా గట్టిగా చెప్పింటే రాసేవాణ్ణి" అన్నాడు. ఆ "ఎవురన్నా" అనే మాట మమ్మును చాలా దినములు విడువలేదు. ఆ మాటలో మేమును ఉన్నాము.

ఈ బాధ నేటిది కాదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో మరణించినది మన పత్తికొండలోనే. ఆయన జ్ఞాపకార్థము ఇక్కడ తోపు వేసి, బావి త్రవ్వించిన సంగతి మీరెరుగుదురు. ఆ మన్రోయే 1822లో, మద్రాసు రాజధానిలో ఎన్ని బడులున్నవో, ఎందరు చదువుచున్నారో లెక్కలు పంపుమని కలెక్టర్లను ఆజ్ఞాపించాడు. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు అని లెక్క తేలినది. దత్తమండలములలో ఒకటైన అప్పటి బళ్ళారి జిల్లా కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో, పేదవారు పిల్లల చదువు ఖర్చు భరింపలేకున్నారనియు, లేత చేతులకు చిన్నపాటి పని చేతనైన వెంటనే ఆ పిల్లల సాయము ఇంటికి అవసరమగుచున్నదనియు వ్రాశాడు. రెండు వందల సంవత్సరములు గడిచినవి. నేడు బడి ఉన్నది, కాలేజీ ఉన్నది. వాన తప్పిన ఏడు, వేరుశెనగ ఎండిన ఏడు, టమోటా ధర పడిపోయిన ఏడు, కాంప్‌బెల్ చెప్పిన మాట నేటికిని నిజమగుచున్నది.

పేదరికమొక్కటే కారణమా? మాకు కనబడిన కారణములు చెప్పెదము. ఒక సబ్జెక్టు పోవుట. ఇల్లంతా సుగ్గికి పోవుట. ఆడపిల్లకు మధ్యలో సంబంధము కుదురుట. ఏదో ఒక సర్టిఫికెట్టు సమయమునకు అందకపోవుట. వీటన్నిటి వెనుక మరియొకటి ఉన్నది. అది సిగ్గు. గోపురము కట్టనెంచినవాడు ముందు ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానములో, సగములో ఆగిన పనిని చూచి నలుగురు నవ్వుతారు. మన పిల్లలు లేమి కంటె ఆ నవ్వుకే ఎక్కువ భయపడుచున్నారు. ఒక పేపరు పోయిన పిల్లవాడు స్నేహితులకు మొగము చాటువేయును. తరువాత కాలేజీకి, అటు పిమ్మట గుడికి కూడ మొగము చాటువేయును.

ముగించుటలో ఎంత ఉన్నదో మన జిల్లాయే చూపినది. 1921లో కర్నూలు దగ్గర పెద్దపాడులో బీద దళిత కుటుంబములో పుట్టి, పసితనముననే తండ్రిని పోగొట్టుకొన్న దామోదరం సంజీవయ్యగారు అనంతపురములో డిగ్రీ, మద్రాసులో న్యాయశాస్త్రము ముగించారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశములో ఆ పదవి నెక్కిన మొదటి దళితుడు ఆయనే. ఆయన కూడ అర్ధాంతరముగా ఆగుటకు కారణములకు కొదువ లేకుండెను.

ఈ చిక్కు మనకు మాత్రమే లేదు. అమెరికా దేశములో బీద పిల్లలు, పని చేసుకొనుచు చదివేవారు ఎక్కువగా చేరేవి రెండేండ్ల కమ్యూనిటీ కాలేజీలు. అక్కడను చేరేవారు మెండు, ముగించేవారు కొద్ది. ఆ కాలేజీల విద్యార్థుల సంఘమైన ఫై తీటా కప్పా వారు 2010 తరువాత ఒక పని చేపట్టారు. విద్యార్థులే రాయబారులై తోటివారిని కలిసి, "చదువు ముగించియే వెళ్ళెదను" అని సంతకము చేయించుచున్నారు. కమ్యూనిటీ కాలేజీ అనే మాట మన సంఘములకు క్రొత్తది కాదు. 1996లో మద్రాసులో కతోలిక అగ్రపీఠము వారు బీద యువకుల కొరకు అటువంటి కాలేజీ తెరిచారు. సంతకము ఫీజు కట్టదు, నిజమే. కాని సంతకము చేయించినవాడు రేపు ఎదురుపడి, "ఏమాయె?" అని అడుగును. ఆ అడిగేవాడే మన యువకునికి లేకపోయినది.

పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో విశ్వాసులను రాయబారులతో పోల్చాడు. రాయబారి తన గొప్ప చెప్పుకొనుటకు పోడు. పంపినవాని మాట పట్టుకొని ఎదుటివాని చోటికి పోవును. మార్కు అనే యౌవనుని తలచుకొనుడి. పంఫూలియలో పనిని మధ్యలో విడిచి తిరిగిపోయినవాడతడు. పౌలు అతనిని మరల వెంటబెట్టుకొనుటకు ఒప్పుకొనలేదు. బర్నబా అతని చేయి పట్టుకొని కుప్రకు తీసికొనిపోయాడు. తుదకు ఆ పౌలే, మార్కు తనకు ప్రయోజనకరమైనవాడని వ్రాశాడు. మధ్యలో తిరిగినవాని పేరనే నేడు ఒక సువార్త ఉన్నది. బర్నబా లేకపోతే ఏమగునో ఆలోచించుడి.

కనుక మా మనవి ఇది. ప్రతి సంఘములో చదువు ముగించిన ఇద్దరు అన్నలను, ఇద్దరు అక్కలను రాయబారులుగా ఏర్పరచుడి. వారు పాఠములు చెప్పనక్కరలేదు. పది దినములు కాలేజీకి రానివారి ఇంటికి పోవలెను. పరీక్ష ఫీజు తేదీ ముందుగా తెలియజేయవలెను. సుగ్గికి పోయినవారికి ఫోను చేసి ఆ తేదీ చెప్పవలెను. ఆడపిల్లల యొద్దకు అక్కలే పోవలెను. పెండ్లి మాట వచ్చిన ఇంటిలో, పరీక్షల వరకైనను ఆగుడని పెద్దలను బ్రతిమాలవలెను. ఏండ్ల క్రితమే మానినవారికి సార్వత్రిక విద్యాపీఠము ద్వారా వ్రాయుటకు దారి చూపవలెను. దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మన తెలుగువారి రాష్ట్రముననే పుట్టినది. వయసు దాటినదని తలుపు మూసుకొననక్కరలేదని ఆనాడే తేలినది.

ఒక హెచ్చరిక. రాయబారి పోలీసువాడు కాడు. "నేను పాసయ్యాను, నీకేమాయె?" అని ఒక్కసారి అంటే చాలు, ఆ తలుపు మరల తెరువబడదు. పొరుగింటి బిడ్డ ఏ మతస్థుడైనను విడిచిపెట్టకూడదు. సంఘ పెద్దలారా, మీ వంతుగా పరీక్ష ఫీజుల కొరకు ఒక చిన్న నిధి ఉంచుడి. మా వంతుగా మేము ఒక రిజిస్టరు తెరిచెదము. చేరినవారి పేరు ఒక ప్రక్క, ముగించిన తేదీ మరియొక ప్రక్క. ఖాళీగా ఉన్న ప్రక్కకు మేము జవాబు చెప్పవలెను.

ఆ యువకుడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. మిగిలిన చదువును సార్వత్రిక విద్యాపీఠములో ముగించుటకు మొన్న పేరు నమోదు చేయించుకొన్నాడు. మేము రెండు మార్లు చెప్పినను నవ్వి ఊరకున్నాడు. అతనిని ఒప్పించి వెంటబెట్టుకొని పోయినది నిరుడు డిగ్రీ ముగించిన అతని మేనకోడలు. "రా మామా, నేను గూడా వస్తా" అన్నదట. అంతే.

వచ్చే యేట ఈ ఆలయములో, చేరినవారితో పాటు ముగించినవారిని కూడ ముందుకు పిలుచుదము. వారి ప్రక్కన వారిని తోడుకొని వచ్చినవారును నిలువవలెను. మనలో మంచి పని ఆరంభించిన దేవుడు దానిని కొనసాగించు గాక. ఆమెన్.